గడియారం చిప్పుకి పెట్టిన ముహూర్తం

మా అత్తగారికి కుడికంట్లో శుక్లం ముదిరిందని డాక్టరుగారు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో మందార కొమ్మలకి ఎక్కడలేని ప్రాముఖ్యం వచ్చింది. ఆపరేషను మాట నేనెత్తితే ఆవిడ మందారాల మాట ఎత్తేవారు. "ఇప్పుడే కదమ్మా కొమ్మలు గుచ్చాం, వేళ్ళు పట్టనీ" అనేవారు. వేళ్ళు పట్టేవి. మొక్కలు ట్రేల్లోంచి సంచుల్లోకి మారేవి. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో విడత కొమ్మలు గుచ్చేసి, "ఇప్పుడే కదమ్మా గుచ్చాం" అని మళ్ళీ మొదటికొచ్చేవారు.

మాది కడియం దగ్గర నర్సరీ. మొక్కల్ని లారీలకెక్కించి ఊరూరా పంపే పని మా ఆయనది. ఫోను చెవి నుంచి దిగదు కాబట్టి ఆయన ఈ కథలో తక్కువే కనిపిస్తారు. మొక్కల్ని పుట్టించే పని మా అత్తగారిది. పెరటి చివర పచ్చ నెట్టు కప్పిన షెడ్డు ఒకటుంది. మిస్టు షెడ్డు అంటాం. కొమ్మ ముక్కలు గుచ్చిన ట్రేలన్నీ అందులోనే ఉంటాయి. కొత్తగా గుచ్చిన కొమ్మకి వేరు ఉండదు, నీళ్ళు తాగలేదు. అందుకని ఎండ ఉన్నంతసేపూ కొన్ని నిమిషాలకోసారి పైనుంచి మంచులాంటి జల్లు పడాలి, అదీ కొన్ని సెకన్లే. సాయంత్రానికి ఆపెయ్యాలి. రాత్రి కూడా తడిసిందా, కొమ్మ మొదలు కుళ్ళిపోతుంది. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మోటారు స్విచ్చు పక్కన కూర్చుని, నొక్కి, ఆపి, మళ్ళీ నొక్కి ఎండాకాలాలన్నీ అలాగే గడిపేశారు.

ఆవిడకి ముద్ద మందారమంటే ప్రాణం. లేత పసుపు రంగు, మధ్యలో కాస్త ఎరుపు తిరిగిన రకం ఒకటి ఆవిడ చేతిలోనే వచ్చింది. ఆ తల్లి చెట్టుని ఎవరినీ తాకనివ్వరు. నేనైతే చూడడానికి కూడా పర్మిషను తీసుకునేదాన్ని.

ఇంతకీ కన్ను సంగతి. ఎడమకంట్లో కూడా శుక్లం మొదలైంది కానీ కుడిది మరీ అన్యాయం. ఒకరోజు గేటు దగ్గర లారీ కోసం నిలబెట్టిన నిలువెత్తు అశోక మొక్కతో, "లోపలికి రండి, అక్కడే నిలబడ్డారేంటి?" అన్నారు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నవ్వే సంగతి కాదది. డాక్టరుగారు ఖరాఖండీగా చెప్పేశారు. ఇంకా ముదరనిస్తే ఆపరేషను కష్టమవుతుందట, చూపు పూర్తిగా వస్తుందని ఆయన కూడా మాట ఇవ్వలేరట. ఆ మాట విని కూడా ఆవిడ, "మూఢం వెళ్ళనీండి, చూద్దాం" అన్నారు. మూఢం వెళ్ళింది. కర్తరి వచ్చింది. కర్తరిలో గోడకి మేకు కొట్టనివ్వని మనిషి, కంట్లో కత్తి పెట్టనిస్తారా?

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు గట్టిగానే అడిగేశాను.

"అత్తయ్యగారూ, అసలు మీకేం కావాలండీ?"

ఆవిడ చాలా మామూలుగా చెప్పారు. "డాక్టరుగారు నెల్లాళ్ళు తడిలోకీ దుమ్ములోకీ వెళ్ళొద్దంటున్నారు కదమ్మా. ఆ నెల్లాళ్ళూ ఈ పసిగుడ్లకి ఎవరు నీళ్ళు పడతారు? మా వాడు ఫోనులో పడితే ఒళ్ళు తెలీదు. నువ్వు వంటలో పడితే వంటే. అది చూసుకునే మనిషుంటే రేపే వెళ్ళిపోతాను."

మనిషి లేడు గానీ, మనిషిలాంటిది చెయ్యడం నాకొచ్చు. పెళ్ళికి ముందు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకునేదాన్ని. మర్చిపోయాననుకున్న విద్య ఆ క్షణంలో చీర కొంగు బిగించుకుని లేచింది.

కొట్లో దొరికే టైమరు ఒకటి అంతకు ముందే పెట్టి చూశాం. దాంతో రెండు ఇబ్బందులు. అది ఆన్ అయితే పావుగంట కంటే తక్కువకి ఆగదు, మొక్కలకి స్నానం కాదు, వరద వస్తుంది. పైగా కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. గంటసేపు కరెంటు పోతే గంట వెనకపడుతుంది. మా ఊళ్ళో వేసవి కరెంటుని నమ్ముకుంటే వారం తిరిగేసరికి దానికి పగలేదో రాత్రేదో తెలియకుండా పోయింది. మా అత్తగారు దాన్ని విప్పించి కోళ్ళగూటి మీద పడేయించారు.

అందుకని చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటీ, దానికి తోడుగా గడియారం చిప్పు ఒకటీ తెప్పించాను. బోర్డుకి తెలివి ఉంది గానీ కరెంటు పోతే టైము గుర్తుండదు. మళ్ళీ కరెంటు రాగానే అప్పుడే పుట్టినట్టు లేస్తుంది. చిప్పుకి పెద్ద తెలివి లేదు, ఉన్న ఒక్క పనీ టైము లెక్కపెట్టుకోవడం. దాని వెనకాల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు ఉన్నా లేకపోయినా దాని లెక్క దానిదే. బోర్డు నిద్రలేచి, "ఇప్పుడు టైమెంత?" అని చిప్పుని అడిగి, పగలైతే జల్లు వదలాలి, రాత్రయితే ఊరుకోవాలి. ఇదీ నా పథకం.

వంటింటి బల్ల మీద పచ్చడి జాడీలు పక్కకి జరిపి పని మొదలుపెట్టాను. చిప్పుకి నాలుగు తీగలు కలపాలి. ఒకటి కరెంటుకి, ఒకటి గ్రౌండుకి. మిగతా రెండూ బోర్డూ చిప్పూ మాట్లాడుకోవడానికి. ఒక దాని మీద కబురు వెళ్తుంది, రెండో దాని మీద ఆ కబురు ఎప్పుడు చదువుకోవాలో తెలుస్తుంది. అన్నీ కలిపి ఆన్ చేస్తే బుల్లి తెర మీద 'గడియారం దొరకలేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి వచ్చింది. మళ్ళీ చేశాను. అదే ముక్క. ప్రోగ్రాము మార్చాను. అదే ముక్క. బోర్డుని తిట్టాను, పంపినవాణ్ణి తిట్టాను, ఫోనులో బెంగుళూరు లారీవాడితో మాట్లాడుతున్న మా ఆయన్ని కూడా ఊరికే ఓసారి తిట్టాను.

మా అత్తగారు గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ, "పలకట్లేదా?" అన్నారు.

"లేదండీ."

"కోపమొచ్చిందేమోనమ్మా. అలా అరుస్తుంటే ఎవరు పలుకుతారు?"

అరవడం ఆపి చూస్తే, మాట్లాడుకునే తీగలు రెండూ తారుమారు పెట్టాను. ల్యాబులో పిల్లలు ఈ పని చేస్తే నేను చేసిన హంగామా అంతా గుర్తొచ్చింది. తీగలు మార్చగానే తెర మీద టైము కనిపించి, సెకన్లు టకటకా నడిచాయి. ప్లగ్గు పీకాను, కాఫీ తాగొచ్చి మళ్ళీ పెట్టాను. టైము ఎక్కడా తప్పలేదు. అలా ఓ నాలుగైదుసార్లు పీకీ పెట్టీ ముచ్చట తీర్చుకున్నాను. మోటారు స్విచ్చుకి బదులు, బోర్డు చెప్పినప్పుడల్లా మోటారు వేసి ఆపే రిలే కలిపి, అంతా ఒక డబ్బాలో బిగించి, "అయిపోయిందండీ, రేపు పెట్టేద్దాం" అన్నాను.

"రేపు మంగళవారం" అన్నారు అత్తగారు.

మంగళవారం పనికిరాదని నాకు తెలుసు. బుధవారం పంతులుగారికి ఫోన్ చేయించి ముహూర్తం అడిగారు. ఆయన కూడా తక్కువ తినలేదు, నీళ్ళకి సంబంధించిన యంత్రమా, ఎవరి పేరు మీద పెడుతున్నారు, నక్షత్రం ఏమిటి అని పెళ్ళికి అడిగినట్టు అన్నీ అడిగి, శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ పన్నెండుకి పెట్టమన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు. ఆవిడ ఆసుపత్రి మెట్లెక్కుతానంటే అమృత ఘడియలు నా చేత్తో నేనే లెక్కపెట్టి ఇస్తాను.

అక్కడే నేనొక అతితెలివి పని చేశాను. తీరా ముహూర్తం వేళకి షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని టైము సరిచేస్తూ కూర్చుంటే బాగుండదు కదా అని, ప్రోగ్రాములో ముందే ఒక లైను రాసేశాను. ఆన్ అవగానే గడియారంలో శుక్రవారం తేదీ వేసి, తొమ్మిదీ పన్నెండు పెట్టు, అక్కణ్ణుంచి నడిపించు అని. సరిగ్గా ఆ నిమిషానికి ఆవిడ డబ్బా స్విచ్చు వేస్తే చాలు, ముహూర్తమే గడియారానికి మొదటి క్షణమవుతుంది. ఆ సంబరం అయ్యాక ఆ లైను తీసేసి ప్రోగ్రాము మళ్ళీ ఎక్కిస్తే పని పూర్తవుతుంది.

శుక్రవారం ఆవిడ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, షెడ్డులోకి వచ్చారు. డబ్బాకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. కొబ్బరికాయ మా ఆయన కొట్టారు, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే. నేను ఫోనులో టైము చూస్తూ "ఊఁ, వెయ్యండి" అనగానే ఆవిడ తడుముకుంటూ స్విచ్చు వేశారు. జల్లు సన్నగా లేచింది. మందార ఆకుల మీద పొడిపొడిగా వాలింది. తెర మీద తొమ్మిదీ పన్నెండు. ఆవిడ చెయ్యి తడిలో చాపి, "ఆహా" అన్నారు, చిన్నపిల్లలా. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

ఆ తర్వాత డబ్బా చుట్టూ పసుపు దారం మూడు చుట్లు చుట్టి ముడేశారు.

"అత్తయ్యగారూ, దాన్ని ఒక్కసారి విప్పాలండీ, చిన్న పనుంది."

"ముహూర్తానికి పెట్టినదాన్ని కదుపుతావా? నీకేమైనా మతిపోయిందా? నేను ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

ఆసుపత్రి మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇంక ఆ దారం జోలికి పోలేదు. ఆ అయిదు రోజులూ కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. మామూలుగా రోజూ తిట్టుకునేదాన్ని, ఆ వారం కరెంటువాళ్ళని తెగ మెచ్చుకున్నాను. పొద్దున్నే జల్లు మొదలయ్యేది, సాయంత్రం ఆగేది. ఆవిడ కుర్చీ వేసుకుని చెవులతో కాపలా కాశారు. బుధవారం పొద్దున్నే కుర్చీ మడిచి గోడకి చేరేసి, "పద, రాజమండ్రి వెళ్ళొద్దాం" అన్నారు. ఆ లైను సంగతి నాకు మళ్ళీ గుర్తొస్తే ఒట్టు.

కుడికంటి ఆపరేషను బాగా జరిగింది. ఆ రాత్రి మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున్న కట్టు విప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, ఎడమ కంటికి వచ్చే నెల ఫలానా రోజు రమ్మని తేదీ కూడా చెప్పి పంపించారు. ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆవిణ్ణి వసారాలో పడకకుర్చీలో కూర్చోబెట్టి షెడ్డు వైపు వెళ్ళాను. జల్లు లేదు. నిప్పులు చెరిగే ఎండలో మందార కొమ్మలు తలలు వేలాడేసి ఉన్నాయి. కొన్నిటి మొదళ్ళు నల్లబడ్డాయి కూడా.

మా దగ్గర బయట పెద్ద మొక్కలకి నీళ్ళు పట్టే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయిందండి. చీకటి పడ్డాక వచ్చింది. అప్పట్నించీ రాత్రంతా జల్లు పడతానే ఉందంట, రాత్రి కాపలా ఉన్న మా ఆయన చెప్పాడండి. నేను పొద్దున్నొచ్చేసరికి ఒక్క చుక్క లేదండి."

"మరి మోటారు వెయ్యకపోయావా?"

"అమ్మగారు దారం కట్టారు కదండీ. ముట్టుకోవద్దన్నారు. నేనెలా ముట్టుకుంటానండి?"

తెర చూశాను. ఎండ నడినెత్తి మాడుస్తుంటే గడియారం రాత్రి రెండు దాటిందంటోంది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పాపం, చిప్పు తప్పేం లేదు. గాలివానలో కూడా అది బుద్ధిగా సరైన టైమే పట్టుకుని కూర్చుంది. కరెంటు రాగానే నా బోర్డు లేచి, నేను రాసిన లైను చూసుకుని, రాత్రి వేళ దాని చెవి మెలేసి, "ఇప్పుడు శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ పన్నెండు" అని చెప్పింది. అది నమ్మింది. రాత్రంతా పగలనుకుని జల్లు వదిలారు ఇద్దరూ. పగలంతా రాత్రనుకుని నిద్రపోయారు.

కత్తెర తెచ్చాను. ఫోను పెట్టేసి వచ్చిన మా ఆయన, "అమ్మని అడక్కుండా దారం కత్తిరిస్తావా?" అన్నారు. నేను చూసిన చూపుకి ఆయనే దారం లాగి పట్టుకున్నారు, కత్తిరించడానికి వీలుగా. టైము సరిచేసి, ఆ లైను తీసేసి, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించాను. ప్లగ్గు పీకి పెట్టి చూశాను. ఈసారి టైము తప్పలేదు. కానీ సగం ట్రేలు పోయాయి.

"అమ్మకి చెప్పొద్దు" అన్నారు మా ఆయన. "చెప్తే రెండో కంటికి రాదు. మళ్ళీ కుర్చీ వేసుకుని ఇక్కడే కూర్చుంటుంది."

నిజమే. నా భయమూ అదే. ఒక కన్ను బాగుపడి, రెండోది అలా ఆరిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా? అసలే డాక్టరుగారు చెప్పిన తేదీ నాకు ఒంటి మీద తేళ్ళు పాకిస్తోంది. ఆ రోజు అమావాస్య. ఆవిడకింకా చెప్పలేదు. సరే అని తల ఊపాను. ఆయన వాడిన ట్రేలన్నీ మోసుకెళ్ళి తోట చివర, కొబ్బరిచెట్ల వెనకాల పెట్టించారు. "మూడేళ్ళుగా అమ్మకి పెరట్లో పంపు దాటి కనపడట్లేదు. అంత దూరం ఏం చూస్తుందిలే" అన్నారు ధీమాగా.

నాలుగో రోజో అయిదో రోజో, సాయంత్రం ఎండ తగ్గాక వసారాలో ఆవిడ కంట్లో చుక్కలు వేస్తున్నాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, తోట వైపు తిరిగి, మెడ ముందుకు చాచి చాలాసేపు చూశారు.

"ఏమ్మా, ఆ కొబ్బరిచెట్ల వెనకాల ట్రేలేంటి? మందారాలు కదూ? అలా మాడిపోయాయేంటి?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడకి కనిపిస్తోంది! అంత దూరం, చెట్ల సందుల్లోంచి, వాడిన ఆకు కూడా కనిపిస్తోంది. దొరికిపోయానన్న బాధ కంటే ఆ ఆనందమే ముందొచ్చింది. లోపల మా ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నవారు టక్కున ఆగిపోయారు.

ఇంక దాచి ప్రయోజనం లేదు. అంతా చెప్పేశాను. గాలివాన, కరెంటు, ఆ లైను, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం శుక్రవారం తొమ్మిదీ పన్నెండుకి వెళ్ళిపోవడం, అన్నీ. "ముహూర్తం తప్పు కాదండీ, నాదే తప్పు" అని కూడా అన్నాను. దారం కత్తిరించిన సంగతి చివర్లో, చిన్న గొంతుతో చెప్పాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అంటే కరెంటు వచ్చినప్పుడల్లా దానికి మళ్ళీ ముహూర్తమేనా?"

"అవునండీ."

"ముహూర్తం మొదలుపెట్టడానికే కదమ్మా" అన్నారు నెమ్మదిగా. "మొదలెట్టాక ముందుకెళ్ళాలి గానీ, అస్తమానం వెనక్కొచ్చి అక్కడే నిలబడితే ఎలా?"

ఆ మాట అన్నది యంత్రాన్నో, ఇంకెవరినో నాకు తెలియలేదు. ఆవిడ కళ్ళద్దాలు కాస్త పైకి జరిపి, తల తిప్పి, తలుపులోంచి హాల్లో గోడకి వేలాడుతున్న క్యాలెండరు వైపు చూశారు.

"రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నారు డాక్టరుగారు?"

తప్పలేదు, చెప్పాను. ఆవిడ క్యాలెండరు తిప్పమన్నారు. నేను లేచి కాగితం తిప్పి, ఆ తేదీ ఉన్న గడి అరచేత్తో కప్పబోయాను. ఆలస్యమైంది. వసారాలోంచే, పడకకుర్చీలోంచి లేవకుండానే ఆవిడ చూసేశారు.

"ఆ గడిలో నల్ల సున్నా ఉందే. అమావాస్య కదూ?"

"అవునండీ" అన్నాను. "డాక్టరుగారికి ఫోన్ చెయ్యమంటారా?"

"చెయ్యి. తప్పకుండా వస్తున్నామని చెప్పు." మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించారు. "అమావాస్య అని మాత్రం ఆయనకి చెప్పకు. పాపం, చెయ్యి వణుకుతుందేమో."